కిటికీ పెట్టిన డబ్బా

మా ఇంటాయన ట్రైలర్ డ్రైవర్. ఓడ దిగి, రైలెక్కి మూసాపేట పక్కనున్న డిపోకు చేరిన పెద్ద ఇనుప డబ్బాలను బండి మీద పెట్టుకుని, ఎక్కడికి చెబితే అక్కడికి తీసుకుపోవడం ఆయన పని. తొంభైల చివర్లో ఆ డబ్బాలు ఎక్కువగా మాదాపూర్ వైపే పోయేవి. అక్కడ గుట్టలు పేల్చి పెద్ద పెద్ద ఆఫీసు బంగళాలు లేపుతున్నారు. వాటికి కావాల్సిన అద్దాలు, లిఫ్టు సామాను, చల్లగాలి మిషన్లు అన్నీ ఏదో ఒక దేశం నుంచి డబ్బాల్లోనే వచ్చేవి.

మేము మూసాపేటలో ఒక్క గదిలో కిరాయికి ఉండేవాళ్లం. గోడ అవతల పోపు వేస్తే ఇవతల నేను తుమ్మేదాన్ని. నాకు నోరు కొంచెం జాస్తి. ఆ వాడకట్టులో నేను ఎవరితో కొట్లాడానో చెప్పడం కంటే ఎవరితో కొట్లాడలేదో చెప్పడమే తేలిక. నల్లా దగ్గర తగాదా పడి, సాయంత్రానికి అదే మనిషి ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచేదాన్ని. అందుకే, తన బండి రోజూ అటే పోతుంది గనక మాదాపూర్ సైటు మీదికి మకాం మారితే కలిసి ఉండొచ్చని ఆయన అన్నప్పుడు, పోనీలే, చెవులకు కొంచెం విరామం దొరుకుతుందని అనుకున్నాను. కోరి కొరివితో తల గోక్కోవడం అంటే అదేనని తర్వాత తెలిసింది.

సంగతి ఏమిటంటే, మామూలుగా డబ్బా బండి మీదుండగానే సామాను తీసుకునేవాళ్లు గానీ, ఒకసారి సైటులో క్రేను ఖాళీగా దొరికిందని అద్దాల సామానుతో సహా ఒక డబ్బాను కిందికి దింపేశారు. సామాను తీశాక ఖాళీ డబ్బా అక్కడే ఉండిపోయింది. గేటు దగ్గర కావలివాళ్లున్నా, పొద్దంతా గోదాము వైపు చూసే మనిషి లేదని సైటు మేనేజరుకు బెంగ. ఒక కుటుంబం ఆ డబ్బాలో ఉంటే సామాను మీద ఒక కన్ను ఉంటుందని ఆయనే మా ఇంటాయనతో అన్నాడు.

"కిరాయి లేదు. ట్యాంకర్ నీళ్లిస్తరు. కరెంటు బల్బు ఇస్తరు. ఇంకేం గావాలె నీకు?" అన్నాడు మా ఆయన.

మనుషులు కావాలి అనాల్సింది. ఆ మాట తోచక, "పొయ్యి యాడ పెట్టాలె?" అన్నాను.

మేము మారిన కొన్నాళ్లకే ట్రైలర్ల సేటు మా ఆయనను మద్రాసు దారి మీద వేశాడు. రైలు వచ్చేదాకా ఆగలేని డబ్బాలను ఓడరేవు నుంచి నేరుగా రోడ్డు మీద తేవాలి. వెళ్లాడంటే మళ్లీ ఎన్నాళ్లకు వస్తాడో ఆయనకే తెలిసేది కాదు. రేవులో లైను పెద్దగా ఉంటే అక్కడే రోజులు గడిచేవి. మొగుడితో కలిసి ఉండడానికి వచ్చిన చోట నేనూ డబ్బా మిగిలాం.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. నిలువునా మడతలు మడతలుగా ఉన్న ఇనుప గోడలు, కింద చెక్క నేల, ఒక చివర రెండు రెక్కల తలుపు. ఆ తలుపుకు గొళ్లేలన్నీ బయటే. లోపల పట్టుకునే పిడి కూడా ఉండదు. సామానుకు లోపలి నుంచి తలుపు తీసే పని ఏముంటుంది గనక! మా ఆయన వెల్డింగు మేస్త్రీతో లోపల ఒక గొళ్లెం పెట్టించాడు. నేల నుంచి ఒక వాసన వచ్చేది. మందుల వాసనా, ఎండు చేపల వాసనా, దాల్చిన చెక్క వాసనా, ఏదీ కాని ఇంకో వాసనా. ఆ డబ్బాలో ఏయే సరుకు ఏయే సముద్రాలు దాటిందో నేను పడుకున్న చాప కిందే ఉండేది. ఎండ తగ్గాక గోడలు చల్లబడుతూ టక్కు టక్కున చప్పుడు చేసేవి. మొదట్లో ఎవరో తలుపు కొడుతున్నారని లేచి చూసేదాన్ని.

డబ్బాలంటే మా ఆయనకు భలే గర్వం. మా ఊళ్లో కోమటి మానిక వేరు, కాపు మానిక వేరు. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఒకటి. అది గుర్తు చేసి చెప్పేవాడు.

"గీ డబ్బా కొలత దునియ మొత్తం ఒక్కటే. ఏ దేశం ఓడ గానీ, రైలు గానీ, నా బండి గానీ, మూలలకున్న గీ చెవులల్ల గొళ్లెం పడాల్సిందే. పడ్డదా, ఇగ ఎంత దూరమన్న కదలదు."

ఆ కొలత తానే కనిపెట్టినట్టు చెప్పేవాడు. నేను ఆ మూలలున్న రంధ్రాలను వేలితో తడిమి చూసేదాన్ని. మనుషులకు కూడా అలాంటి చెవులు పెట్టి పుట్టిస్తే ఎంత బాగుండేది, ఎక్కడ దించితే అక్కడ అతుక్కుపోయేవాళ్లం అనిపించేది.

నేను అతుక్కోలేదు. గుట్టకు అవతలి పక్క రేకుల షెడ్లలో పాలమూరు నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు ఉండేవి. వాళ్లందరిదీ ఒకటే ఊరు, ఒకటే మాట, ఒకటే పొయ్యి లాంటి బతుకు. నేను వెళితే మాటలు ఆపేసి జరిగి చోటిచ్చేవాళ్లు. చోటిచ్చారు గానీ మాట ఇవ్వలేదు. సామాను మీద కన్నేయడానికి మేనేజరు పెట్టిన మనిషిని కదా, నా ముందు నోరు జారితే ఎక్కడికి చేరుతుందోనని వాళ్ల అనుమానం. పైగా వాళ్లవి రేకులు, నాది ఉక్కు డబ్బా. నాకు 'డబ్బా దొరసాని' అని పేరు పెట్టారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదేనని ఏడవలేక నవ్వాను.

బండలు పేల్చే ముందు ఈల వేసేవాళ్లు. షెడ్లలో వాళ్లందరూ ఒక పెద్ద బండ చాటుకు చేరి, పిల్లలను ఒళ్లో వేసుకుని, ఏదో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. నేను డబ్బాలోకి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని. చిన్న రాళ్లు పైకప్పు మీద పడి దొర్లేవి. లోపల మాట్లాడితే మాట గోడకు తగిలి తిరిగి వచ్చేది. ఒకసారి "ఏం బతుకే ఇది!" అని అరిస్తే, అది నన్నే తిరిగి అడిగింది. నాతో నేనే కొట్లాడుకునే వసతి కూడా ఉందన్న మాట. పగలంతా ఒక్క మాట కూడా మాట్లాడకుండా గడిచిన రోజులు నా జీవితంలో అప్పుడే చూశాను. ఒంటరితనం అనే మాట పుస్తకాల్లో చదివాను గానీ, అది దవడలు పట్టేసినట్టు ఉంటుందని అక్కడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం మా ఆయన చెప్పాపెట్టకుండా దిగాడు. నేను అర తలుపు వేసుకుని, చీకట్లో తలుపు సందు వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాను. ఎండ పడకుండా అలా కూర్చున్నానని చెప్పాను. ఆయన బయటికి పోయి గ్యాసు కట్టరు మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు.

"రోడ్డు ఎటుందో జూపెట్టు," అన్నాడు నాతో.

చూపెట్టాను. అటు గోడకు సుద్దముక్కతో గీత గీసి కిటికీ కోయించాడు. మూడు పట్టీలు నిలువుగా అతికించి ఊచలు చేయించాడు. కోసిన ముక్క మడతలు మడతలుగా ఉంది కదా, బట్టలు రుద్దుకోవడానికి అంతకంటే మంచి బండ దొరకదు. అది నీళ్ల డ్రమ్ము పక్కన వేసుకున్నాను. అప్పుడే నేను ఇంకో కోరిక కోరాను. గడప లేని ఇల్లు ఇల్లెలా అవుతుంది? తలుపు కింద ఇనుప యాంగిల్ ఒకటి అడ్డంగా వెల్డింగు చేయించాడు. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందు ముగ్గేశాను. విదేశీ సామాను కింద వచ్చిన చెక్క దిమ్మలతో పొయ్యి రాజేసి పాలు పొంగించాం. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు, మేము కట్టకుండానే చూశాం. ఆ రోజు నాకు కలిగిన సంతోషం తర్వాత సొంత ఇంటి గృహప్రవేశానికి కూడా కలగలేదు.

పరమాన్నం తినడానికి షెడ్ల ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక పెద్దామె, తట్టలు మోసే మనిషి, కిటికీలోంచి తల లోపలికి పెట్టి చూసి, "గిప్పుడు ఇల్లయింది," అంది. మరుసటి రోజు నుంచి పనికి పోతూ ఆ కిటికీ దగ్గర ఆగేది.

"తిన్నవా, దొరసానీ?"

"ఇంక లేదు."

అంతే. తట్ట సర్దుకుని వెళ్లిపోయేది. రోజంతటికీ నాకు దొరికే మాట అదొక్కటే గనక, ఆమె అడిగేదాకా నేను తినేదాన్ని కాదు. మిగతా పొద్దంతా కిటికీ ముందు పీట వేసుకుని, మాదాపూర్ ఊరి నుంచి దుమ్ము లేపుకుంటూ వచ్చే బండ్లలో మా ఆయన బండి కోసం చూసేదాన్ని.

ఇందులో మాలో ఎవరికీ తట్టని విషయం ఒకటుంది. ఆ డబ్బా ఎవరిదో మేము ఆలోచించలేదు. బియ్యం కొంటే సంచి వస్తుంది, నూనె కొంటే డబ్బా వస్తుంది, మామిడిపండ్లు కొంటే గంప వస్తుంది. అలాగే అద్దాలు తెప్పించుకున్నవాళ్లకు ఈ డబ్బా వచ్చిందనుకున్నాం. మా ఆయన అన్ని ఖాళీ డబ్బాలను డిపోకు తిరిగి చేర్చే మనిషే అయినా, కిందికి దించేసినవి కొనుక్కున్నవని ఆయన నమ్మకం. కట్టరు మేస్త్రీ, మేనేజరు, అందరిదీ అదే నమ్మకం.

ఎండలు ముదిరిన రోజుల్లో డిపో తరఫున ఒక పెద్దాయన వచ్చాడు. కోస్తా వైపు మనిషి. కళ్లకు లావు అద్దాలు, చేతిలో సుద్దముక్క. సైటంతా ఒక నంబరు వెతుక్కుంటూ వచ్చి మా డబ్బా ముందు ఆగాడు. నంబరు మీద నేను పిడకలు కొట్టలేదు గానీ, దండెం కట్టి చీర ఆరేశాను. ఆయన చీర పక్కకు జరిపి నంబరు చూశాడు. తర్వాత కిటికీ చూశాడు. కిటికీకి నేను కట్టిన పూల పరదా చూశాడు. గడప మీద పసుపు చూశాడు. అక్కడే ఒక బండ మీద కూలబడ్డాడు.

"అమ్మా, ఇదేంటండీ ఇది? కిటికీ పెట్టారేంటండీ?"

"కిటికీ లేకుంట మనుషులెట్లుంటరు?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఇది మనుషులది కాదమ్మా. ఓడ వాళ్లది. మళ్లీ సరుకు నింపుకుని సముద్రం మీద పోవాలండి."

నేను గబగబా మంచినీళ్లు తెచ్చిచ్చాను. ఆయన తాగి, తల పట్టుకుని, ఆ తర్వాత నవ్వాపుకోలేక నవ్వాడు. ఇన్నేళ్ల నౌకరీలో సొట్టలు పడ్డ డబ్బాలు చూశాను, చిల్లులు పడ్డవి చూశాను, గడపకు పసుపు రాసిన డబ్బా చూడలేదన్నాడు.

నవ్వు ఆయనతోనే పోయింది. మా ఆయన మద్రాసు నుంచి రాగానే సేటు పిలిచి, డబ్బా మునుపటిలా చేయించి డిపో వాళ్లు సరే అనేదాకా బండి తాళం ముట్టొద్దన్నాడు. బాగు చేసినా డిపో వాళ్లు వద్దంటే ఇక ఎప్పటికీ ముట్టొద్దన్నాడు.

ఆయనకు బండి పోయింది, నాకు ఆయన దొరికాడు. దాచుకోకుండా చెబుతున్నాను, మొదటి రోజు నాకు పండగలా ఉంది. పొద్దున్నే చాయ్ ఆయనే పెట్టాడు. ఇద్దరం దుర్గం చెరువు వైపు నడిచి వెళ్లాం. దాచిపెట్టుకున్న మాటలన్నీ బయటికి తీశాను. వాడకట్టు సంగతులు, షెడ్ల సంగతులు, గోడల చప్పుళ్లు. ఆయన ఊ కొట్టాడు.

రెండు మూడు రోజులకు తెలిసింది, ఆయన ఊ కొడుతున్నది నా మాటకు కాదు. కోసిన ముక్క నా ఉతుకుడుకు సొట్టలు పడి తుప్పు పట్టి అతకడానికి పనికిరాకుండా పోయింది గనక, వేరే మడతల రేకు ఎక్కడో దొరికి, మేస్త్రీకి తీరిక చిక్కేదాకా కిటికీ అలాగే ఉంది. ఆయన నా పీట మీద, నా కిటికీ ముందు కూర్చుని రోడ్డు చూసేవాడు. ట్రైలర్ కనపడకముందే హారన్ విని ఎవరి బండో చెప్పేవాడు.

"గేరు గట్ల గుంజొద్దు రా, ఇరుగుతది," అనేవాడు ఎక్కడో ఎత్తు ఎక్కుతున్న బండితో.

ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు. చేతులు ఊరికే తొడల మీద స్టీరింగులా తిరిగేవి. పరేషాన్ కాకు, మళ్లీ ఎక్కుతవు తియ్యి అని నేనంటే, "నీకేం, ఇంట్ల కూసునుడు అలవాటే," అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. అలవాటు చేసింది ఎవరు? తగాదా పడదామని ముందుకు వెళ్లి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను. అంతగా వాడిపోయిన ముఖంతో ఎవరు తగాదా పడతారు? ఆయన పక్కనే కూర్చుని నేనూ రోడ్డు చూశాను. ఒక్కదాన్నే ఉన్నప్పటి ఒంటరితనం కంటే అది ఎక్కువగా నొప్పి పెట్టింది.

చివరికి రేకు దొరికింది. మా చాపలూ గిన్నెలూ పెద్దామె షెడ్డులో ఒక మూలకు చేర్చాం. కిటికీ మూశారు. గడప కోసేశారు. లోపలి గొళ్లెం కూడా తీసేశారు. డిపో పెద్దాయన ఒక పనివాణ్ని వెంటబెట్టుకుని పరీక్షకు వచ్చాడు. ఆ పరీక్ష చాలా సులువైనది. ఒక మనిషి లోపల నిలబడాలి, బయటి నుంచి తలుపులు బిగించాలి. లోపలి మనిషికి సూదిమొన అంత వెలుతురు కూడా కనిపించకూడదు. వెలుతురు దూరే చోట ఉప్పునీళ్లు దూరుతాయి. చీకటిగా ఉంటేనే అది మంచి డబ్బా.

ఆ పనివాడు లోపలి నుంచి "కనిపిస్తుంది, కనిపిస్తుంది," అని అరిచాడు. అతుకు మూలలో ఒకటి, గడప పీకిన చోట ఇంకొకటి. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. మా ఆయన కిందికి చూశాడు. ఇంకోసారి ఇట్లాగే వస్తే పైవాళ్లకు వద్దని రాసేయడం తప్ప దారి లేదన్నాడు పెద్దాయన. నాకు మాత్రం మనసులో ఒక మూల, ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉంటాడు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. అయినా అనిపించింది.

రెండోసారి పెద్దాయన ఒక్కడే వచ్చాడు. ఆయన కళ్లకు శుక్లాలు, లోపల నిలబడి లాభం లేదు. మా ఆయన చెబితే ఒప్పుకోవడానికి లేదు, డబ్బా చెడగొట్టిందే ఆయన కదా. పెద్దాయన అటూ ఇటూ చూస్తుంటే నేను కొంగు దోపుకున్నాను.

"నేను వోత. గిన్ని దినాలు అండ్ల ఉన్నది నేనే. ఏడ సందున్నదో నాకెర్క."

"చీకటిగా ఉంటుందమ్మా, భయమేయదూ?"

"నాకా?" అన్నాను.

తలుపు రెక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బయట గొళ్లేలు తిరిగిన చప్పుడు అయింది. ఏమీ లేదు. నా చెయ్యి నాకే కనపడలేదు. పాత వాసన మాత్రం ఉంది, దాని మీద నా పోపు వాసన కూడా కొంచెం ఉందనిపించింది. కిటికీ ఉన్న గోడ వైపు తిరిగాను. ఒక్క చుక్క, సూదిమొన అంత చుక్క ఉంటే చాలు, అనుకుంటూ పై నుంచి కిందికి, మూల నుంచి మూలకు వెతికాను. చుక్క కనిపిస్తే ఆయన ఇంట్లో ఉంటాడు. కానీ ఆ ఇంట్లో ఉండేది ఆయనేనా? తొడల మీద తిరిగే ఆ చేతులు గుర్తొచ్చాయి. గడప చోట వంగి చూశాను. చేత్తో తడిమాను. వేడిగా ఉన్న అతుకు తగిలింది గానీ వెలుతురు తగల్లేదు.

"ఏమన్న కనిపిస్తుందా?" బయటి నుంచి మా ఆయన గొంతు. అంత భయంగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఏం లేదు," అన్నాను. "అంత చీకటే ఉంది."

ఆయన వేసిన ఈల గుట్టలకు తగిలి మారుమోగింది. పెద్దాయన ఏదో అంటూ నవ్వాడు. చెప్పులు టపటపలాడుతూ దూరంగా పరిగెత్తాయి. సేటు అప్పటికే బండి పంపించి ఉంచాడు, అది రోడ్డు మీద నిలబడి ఉంది. ఇంజను స్టార్టయింది. ఒకసారి, రెండోసారి హారన్ మోగింది. నేను తలుపుకు ముఖం పెట్టి నిలబడ్డాను. తలుపుకు లోపల పిడి లేదు. ముందు ఊరికే నిలబడ్డాను. తర్వాత అరచేత్తో కొట్టాను. ఇంజను చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు.

గొళ్లెం తిరిగింది. వెలుతురు కళ్లలో పొడిచింది. తట్ట కింద పెట్టి, రెండు చేతులతో పిడి గుంజి తలుపు తీసింది షెడ్ల పెద్దామె.

"లోపల ఆడిమనిషి ఉన్నదన్న సోయన్న లేదా మీకు!" అని పెద్దాయన మీద అరిచింది. ఆయన పాపం సుద్దముక్కతో డబ్బా మీద గుర్తు పెడుతున్నాడు, నాలుక కరుచుకున్నాడు. ఆమె నా ముఖం చూసి, కొంగుతో తుడిచి, "తిన్నవా?" అంది. నేను లేదన్నాను. ఈసారి ఆమె వెళ్లిపోకుండా అక్కడే నిలబడింది.

మా ఆయన బండి వెనక్కి తెచ్చాడు. క్రేను డబ్బాను ఎత్తి పెట్టింది, నాలుగు మూలల చెవుల్లో నాలుగు గొళ్లేలు పడ్డాయి. నన్ను కేబిన్‌లో పక్కన కూర్చోబెట్టుకుని మూసాపేట దాకా పాటలు పాడుతూ నడిపాడు. అక్కడ పాత వాడకట్టులోనే ఒక గది చూశాం. వారం తిరక్కుండానే ఆయన మద్రాసు దారి పట్టాడు.

ఇప్పుడు ఆయనకు మోకాళ్లు పోయాయి, ఇంటి పట్టునే ఉంటాడు. ఆ డబ్బా కథ వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ చెబుతాడు. నువ్వు లోపలి నుంచి చీకటే ఉందన్నవు, నేను ఉరికొచ్చి తలుపు తీసిన, అంటాడు. కాదని మొదట్లో చాలాసార్లు చెప్పాను. తీసింది నేనే, నాకు మంచిగ యాదికున్నది, అంటాడు. ఇప్పుడు చెప్పడం మానేశాను.